రిజిస్టరులో కవలలు

ప్రమీలారాణి తన ఉద్యోగంలో తెలిసి తెలిసి రాసిన అబద్ధం ఒక్కటే. రాసిన రోజు ఆమెకు భయం వేయలేదు సరికదా, ఆ శనివారం పెనుబల్లిలో ఇంటికి వెళ్ళినప్పుడు మొగుడితో చెప్పుకుని మురిసిపోయింది కూడా.

అది ఎనభై రెండు జూన్. టేకులపల్లి అవతల అడవిలో, వాగుకు అడ్డం కట్టిన ప్రాజెక్టు గట్టున ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల ఉండేది. ఆమె అక్కడ మేట్రన్. ఇంకా వానలు పడలేదు. పగిడయ్య అనే కోయ ఆయన ఇద్దరు ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని పొద్దున్నే వచ్చి వరండా మెట్ల కింద కూర్చున్నాడు. ఆ ఎండాకాలమే చలిజ్వరంతో ఆయన పెళ్ళాం పోయింది. అడవిలో వెదురు నరికే కూపుకు పోతే వారం పది రోజులు ఆయన ఇల్లు చేరడు. పెద్దపిల్ల జంపక్కకు తొమ్మిదేళ్ళుంటాయి. చిన్నది ముత్తక్కకు ఆరు నిండాయో లేదో. హాస్టల్లో మూడో తరగతి నుంచే చేర్చుకుంటారు, ఎనిమిదేళ్ళు నిండి ఉండాలి. పెద్దదాన్ని వదిలి చిన్నదాన్ని తీసుకుపొమ్మన్నాడు హెడ్మాస్టరు. చిన్నది అక్క లంగా అంచు పట్టుకుంది. ఏడవలేదు. వేళ్ళు విడదీస్తే మళ్ళీ పట్టుకునేది, విడదీస్తే మళ్ళీ పట్టుకునేది.

గుమస్తా సెలవులో ఉన్నాడు. చేతిరాత బాగుంటుందని అడ్మిషన్ రిజిస్టరు ప్రమీలారాణి ముందు పెట్టారు. ఆ అడవి ఊళ్ళ పిల్లలకు పుట్టిన తేదీలుండవు. బడి తెరిచిన రోజే అందరి పుట్టినరోజు. జంపక్క పేరు రాసి, పదో తేదీ, ఆరో నెల, డెబ్బై మూడు అని వేసింది. కింది గడిలో ముత్తక్క పేరు రాసి అదే తేదీ వేసి, చివరన 'కవలలు' అని చేర్చింది. హెడ్మాస్టరు చూసీ చూడనట్టు సంతకం పెట్టాడు. ఏం రాశారని అడగకుండానే పగిడయ్య వేలిముద్ర వేశాడు. ఆ రాత్రి అక్కాచెల్లెళ్ళు ఒకే చాప మీద పడుకున్నారు.

ఐదో తరగతి కాగానే జంపక్కను తండ్రి తీసుకుపోయాడు. మేనత్త ఇంట్లో పనికి మనిషి కావాలన్నారట. రెండేళ్ళకు ఆ ఇంటి కొడుక్కే ఇచ్చి చేశారని తెలిసింది. ప్రమీలారాణి అయ్యో అనుకుంది. రిజిస్టరులో 'మానేసింది' అని రాసింది. ఇద్దరు ముగ్గురు తప్ప ఆ తరగతి పిల్లలంతా అలాగే మానేస్తారు కాబట్టి, తర్వాత ఆ పిల్ల ఆమె మనసులోనుంచి కూడా మానేసింది.

పడవలు వచ్చింది ఎనభై ఏడులో. గిరిజన పిల్లలకు ఆటలు నేర్పాలని పైనెవరో పెద్ద ఆఫీసరుకు తోచిందట. నీళ్ళ పక్కనే బడి ఉంది కదా అని ఈ బడికి రోయింగ్ ఇచ్చారు. హైదరాబాదు నుంచి లారీలో నాలుగు పడవలు దిగాయి. వెదురాకులా పొడుగ్గా, సన్నగా ఉన్నాయి. పుట్టి, దోనె తప్ప తెలియని పిల్లలు వాటిని చూసి, ఇందులో కోడిపిల్లను కూర్చోబెట్టినా మునుగుద్ది అని పడీ పడీ నవ్వారు. కోచ్ వెంకటప్పయ్య మధిర వైపు మనిషి. పద్దెనిమిదేళ్ళు మిలిటరీలో ఉండి, అక్కడి పడవ పోటీల్లో ఆడి, హవల్దారుగా దిగి వచ్చాడు. వెళ్ళే వైపు వీపు పెట్టి కూర్చోవాలని, చేతులతో లాగడం కాదు కాళ్ళతో తన్నాలని, పడవ నడిచేది తొడల్లోనని చెప్పడానికే ఆయనకు మూడు నెలలు పట్టింది. మూడు నెలల్లో ఎన్నిసార్లు పడవలు తిరగబడ్డాయో లెక్కలేదు. తిరగబడినప్పుడల్లా ఈదుకుంటూ పడవను గట్టుకు తోసుకొచ్చి మళ్ళీ ఎక్కేది ముత్తక్క ఒక్కతే.

ఒకరోజు ఆయన వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఆట నా చేతిలో లేదు మేడం, మీ చేతిలో ఉంది. నేను నేర్పేది పావు వంతే. మిగతా ముప్పావు మీరు పెట్టే తిండి."

ఆ మాట ప్రమీలారాణికి తలకెక్కింది. పడవల పిల్లలు ఎనిమిది మందికీ స్పెషల్ డైట్ శాంక్షనైంది. పొద్దున్నే నానబెట్టిన వేరుశెనక్కాయలు, బెల్లం. ప్రాక్టీసు నుంచి రాగానే పాలు, రెండు గుడ్లు. ఆదివారం మాంసం. మామూలుగా ఇలాంటివి వంటగది దాటేసరికి సగమవుతాయి. ఆమె దగ్గరుండి వడ్డించేది, గుడ్డు తినేదాకా కదిలేది కాదు. చిక్కుళ్ళ కాలంలో ఊళ్ళో చిక్కుడు పండుగ కాకముందే కొత్త చిక్కుళ్ళు ముట్టమని పిల్లలు కంచాలు తోసేస్తే, తిట్టకుండా వాళ్ళకు విడిగా పప్పు వండింది.

పిల్లలందరూ ఎదిగారు గానీ ముత్తక్క ఎదగడం వేరు. ఆర్నెల్లకోసారి రవికెల కుట్లు విప్పి మళ్ళీ వేయాల్సి వచ్చేది. "నా మిషనుకు నిన్ను మించిన శత్రువు లేదే" అని విసుక్కుంటూనే ప్రమీలారాణి ఆ పిల్ల భుజాల మీద టేపు పరిచి, ఇంకో అరంగుళం పెరిగిందని వెంకటప్పయ్యకు కబురు పెట్టేది. తన కడుపున పుట్టిన ఇద్దరు మగపిల్లల్ని కూడా ఆమె అంత ముచ్చటగా కొలవలేదు.

తొంభై ఏప్రిల్లో సెలక్షన్ వచ్చింది. హైదరాబాదులో కొత్తగా పెట్టిన క్రీడల హాస్టల్లో రోయింగుకు ఆరు సీట్లున్నాయి, అందులో ఈ బడికి ఒకటి. చదువు, తిండి, శిక్షణ అన్నీ వాళ్ళవే. పదహారేళ్ళు నిండకూడదు. పదో తరగతి పరీక్షలు అప్పుడే అయ్యాయి. పగిడయ్య అంతకు ముందే వచ్చి తన సంగతి చెప్పి పోయాడు. సీటు వస్తే పంపుతాడు. రాకపోతే ఇప్పపూలు ఏరే పని కాగానే పెళ్ళి, మేనమామ వాళ్ళు అడుగుతున్నారు, ఇంకా ఆపలేడు. ముత్తక్క ఆ మాట విని తెడ్లు భుజాన వేసుకుని గట్టు దిగింది. సెలక్షన్ దాకా మిగిలిన పది రోజులూ ఆ పిల్ల పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కాక మధ్యాహ్నం ఎండలో కూడా పడవ వేసింది.

కమిటీ వాళ్ళు ముగ్గురు జీపులో వచ్చారు. ఒక ఆఫీసరు, ఒక కోచ్, ఖమ్మం పెద్ద దవాఖానా నుంచి ఒక డాక్టరు. వెయ్యి మీటర్ల పందెంలో ముత్తక్క పడవ గట్టు తాకినప్పుడు రెండో పడవ ఇంకా చింతచెట్టు వంపు దగ్గరే ఉంది. హైదరాబాదు కోచ్ గడియారం వైపు రెండుసార్లు చూసి, వెంకటప్పయ్యను కౌగిలించుకున్నాడు. వంటగది కిటికీలోంచి చూస్తున్న ప్రమీలారాణి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

గంట తర్వాత ఆఫీసు గదిలో కాగితాలు చూశారు. రిజిస్టరు ప్రకారం ముత్తక్కకు పదహారేళ్ళ పది నెలలు. ఎనిమిదేళ్ళ కిందటి ఆ తేదీ అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. ఆఫీసరు కళ్ళద్దాలు తీసి, పాపం అన్నాడు.

ప్రమీలారాణి ముందు హెడ్మాస్టరు దగ్గరకు పోయింది. అప్పటి హెడ్మాస్టరు కాదు, ఈయన కొత్తాయన. ఒక్క తేదీ తప్పని ఒప్పుకుంటే రిజిస్టరంతా విప్పుతారని, అందులో ఎందరి వయసులు ఎలా ఉన్నాయో తనకూ తెలుసు ఆమెకూ తెలుసని, నలభై మంది పిల్లలు రోడ్డున పడతారని ఆయన గొంతు తగ్గించి చెప్పాడు. "ఆ పిల్ల కోసం మిగతావాళ్ళ నోట్లో మట్టి కొట్టకండి" అన్నాడు. ఆమె సరే అని వచ్చి స్టోరు గదిలో బియ్యం బస్తా మీద కూర్చుంది. ఎంతోసేపు కూర్చోలేకపోయింది. లేచి కొంగు సర్దుకుని, నేరుగా కమిటీ ముందుకు వెళ్ళి, ఆ తేదీ రాసింది తానేనని, అది తప్పని, వీళ్ళు కవలలు కారని చెప్పింది.

ఆఫీసరు మంచివాడే. కసరలేదు. రుజువేమిటని అడిగాడు. పందెం చూడ్డానికి వచ్చి గట్టున కూర్చున్న తండ్రిని పిలిపించారు.

"పెద్దది పుట్టిన ఏడు మా ఊళ్ళె పెద్దపులి నా ఎద్దును గుంజుకపోయింది సారూ" అన్నాడు పగిడయ్య. "ఆ ఎన్క మూడు భూమి పండుగలకు సిన్నది పుట్టింది."

"అది ఏ సంవత్సరం?"

"ఏ ఏడో నాకేం ఎర్క. పులిని అడగాలె."

అందరూ నవ్వారు. ప్రమీలారాణి నవ్వలేదు. ఆమెకు దారి దొరికింది. జంపక్క బతికే ఉంది కదా, పది కోసుల దూరంలోనే ఉంది కదా, రేపు పొద్దున పక్కపక్కన నిలబెడతాను, ఎవరు అక్కో ఎవరు చెల్లో గుడ్డివాడు కూడా చెబుతాడు అంది. వాళ్ళు ఆ రాత్రి గెస్ట్‌హౌసులో ఉండేవాళ్ళే. డాక్టరు సరేనన్నాడు. వెంకటప్పయ్య మోటారుసైకిలు మీద పగిడయ్యను ఎక్కించుకుని వెళ్ళాడు.

రాత్రి ముత్తక్క వంటగదికి వచ్చి, అక్క వస్తోందా నిజంగా అని రెండుసార్లు అడిగింది. అక్కను చూసి రెండేళ్ళయిందట. పొద్దున్నే లేచి తల దువ్వుకుని గేటు దగ్గర నిలబడింది.

పది గంటలకు వాళ్ళు వచ్చారు. మోటారుసైకిలు దిగి గేటు దాకా నడిచిన ఆ మనిషిని చూసి ప్రమీలారాణి, జంపక్క బదులు ఎవరినో తీసుకొచ్చారనుకుంది. చంకలో పిల్లాడు. ఇంకొకర్ని ఇంట్లో వదిలి వచ్చిందట. పన్నెండేళ్ళప్పుడు హాస్టలు వదిలిన ఎత్తుకు ఇప్పటి ఎత్తు మహా అయితే రెండంగుళాలు ఎక్కువ. మెడ ఎముకలు బయటికి పొడుచుకొచ్చాయి, మణికట్లు వెదురుపుల్లల్లా ఉన్నాయి, రవిక భుజాల మీద నిలవడం లేదు. చలిజ్వరాలు వచ్చి పోయిన ముఖం పసుపుగా ఉంది. ముత్తక్క పరుగెత్తుకెళ్ళి పట్టుకుంది. అక్క తల చెల్లెలి భుజం దాకా వచ్చింది.

డాక్టరు ఇంకా ఏమీ అనకముందే ప్రమీలారాణికి అంతా అర్థమైపోయింది.

డాక్టరు ఇద్దరినీ వరండాలో నిలబెట్టాడు. నోళ్ళు తెరవమన్నాడు, చేతులు చాపమన్నాడు.

"మీలో పెద్దదెవరు?"

"నేనే సారూ" అంది జంపక్క.

డాక్టరు ఆఫీసరు వైపు చూశాడు. హేళనగా కాదు, చెప్పక తప్పదన్నట్టు చెప్పాడు. ఎముక చూసినా, ఒడ్డూ పొడుగూ చూసినా ఈ ఆటల పిల్లే పెద్దదిగా ఉంది, కవలలన్నా నమ్మవచ్చుగానీ ఆ పిల్ల ఈమెకంటే మూడేళ్ళు చిన్నదంటే తాను సంతకం పెట్టలేనన్నాడు.

"దానికి ఇద్దరు పిల్లలండీ" అంది ప్రమీలారాణి.

"ఇక్కడ పన్నెండేళ్ళకే చేస్తారు కదమ్మా పెళ్ళిళ్ళు. పిల్లల్ని బట్టి వయసు చెప్పలేం."

"దీనికి తిండి పెట్టాను. మూడేళ్ళు రోజూ పాలు, గుడ్లు పెట్టాను. దానికి ఎవరూ పెట్టలేదు. అంతే తేడా" అంది ఆమె.

వెంకటప్పయ్య గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆఫీసరు, ఆ మాట నిజమే కావచ్చు గానీ కాగితం మీద ఎలా రాయాలో తనకు తెలియడం లేదన్నాడు. రిజిస్టరులో ఉన్నదే నిలిచింది. హెడ్మాస్టరుకు కూడా ఊపిరి వచ్చింది. రెండో స్థానంలో వచ్చిన ఏన్కూరు వైపు పిల్లకు సీటు రాశారు. మధ్యాహ్నానికి జీపు వెళ్ళిపోయింది.

ముత్తక్క ఏడవలేదు. పడవను గట్టుమీదికి ఎత్తి, బోర్లించి, తడి గుడ్డతో తుడిచి, ముందుకూ వెనక్కూ జరిగే బల్ల చక్రాలకు ఆముదం రాసింది. తర్వాత పైకి వచ్చి ట్రంకు పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టింది. ప్రమీలారాణి గుమ్మంలో నిలబడి తప్పంతా తనదేనంది. ఆ రోజు అలా రాసి ఉండాల్సింది కాదంది.

"రాయకపోతే నన్ను లోపలికి రానియ్యకపోదురు గద మేడం" అంది ముత్తక్క, లంగాలు మడతపెడుతూ. "ఈ పడవల మూడేండ్లు గూడ ఉండకపోవు."

వంటగది వెనక అరుగు మీద జంపక్క అన్నం తింటోంది. ప్రమీలారాణి పక్కన కూర్చుని మళ్ళీ వడ్డించింది. పిల్లాడికి ముద్దలు కలిపి పెట్టింది. జంపక్క తలవంచుకుని చాలాసేపు తిన్నది. అంత తిండి తినగలదని ఆమెను చూస్తే ఎవరూ అనుకోరు. తిని చెయ్యి కడుక్కుని, గదిలో పెట్టె సర్దుతున్న చెల్లెలి వీపు వైపు, ఆ భుజాల వైపు చూస్తూ కూర్చుంది.

"మేడం, నన్నప్పుడు మా నాయన తీస్కపోకుంటే నేను గూడ గింత అయ్యేదాన్నా?"

ఆ పిల్లకు అక్కసు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది, కూరలో ఏమేం వేస్తావని అడిగినట్టు. తన రాతలో తప్పెక్కడ జరిగిందా అని నిన్నటినుంచి ప్రమీలారాణి వెతుకుతూనే ఉంది. 'కవలలు' అన్న మాట దగ్గరే ఆమె చూపు ఆగిపోతూ వచ్చింది. దానికి మూడేళ్ళ తర్వాత రాసిన 'మానేసింది' అన్న మాట ఆమెకు ఇప్పుడు గుర్తొచ్చింది. అది అబద్ధం కాదు. అందుకే దాన్ని గురించి ఎవరూ అడగలేదు, ఆమె కూడా అడగలేదు.

ఆమె పిల్లాడి మూతి తుడిచింది.

ఎండ చల్లబడ్డాక వాళ్ళు బయల్దేరారు. ట్రంకు పెట్టె పగిడయ్య నెత్తిన పెట్టుకుని ముందు పోయాడు. ప్రమీలారాణి, వెంకటప్పయ్య గట్టు చివరిదాకా వెళ్ళారు. అక్కడినుంచి అడవిలోకి కాలిబాట. ఒకరి వెనక ఒకరు తప్ప నడవడానికి వీలుండదు. ముత్తక్క అక్క చంకలోంచి పిల్లాణ్ణి తీసుకుని తన భుజాన వేసుకుంది. వాడు ఆ భుజం మీద పిట్టంత ఉన్నాడు. అక్కను ముందు నడవనిచ్చి తాను వెనక నిలిచింది. జంపక్క చిన్న చిన్న అడుగులు వేస్తూ, ఊపిరి కోసం మధ్యమధ్య ఆగుతూ నడిచింది. వెనక ముత్తక్క తన పొడుగాటి అడుగును కుదించుకుని, అక్క ఆగినప్పుడల్లా ఆగి, అక్క కదిలాక కదులుతూ పోయింది.