నా నడుము, ఆయన స్పానర్

మా ఆయన తణికాచలానికి ఒక రోగం ఉంది. లోకంలో ఎవరి నడుము నొప్పినైనా తనలాంటి మగవాళ్ళ నడుముతోనే కొలుస్తాడు.

నేను తిరువళ్ళూరులో ఇరవై ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. మిషను ముందు కూర్చుని కూర్చుని నా నడుము అరిగిపోయింది. అయినా నెలనెలా కృత్తిక నక్షత్రం నాడు ఆయన మోటారు బండెక్కి, తిరుత్తణి కొండ మీది స్వామి దర్శనానికి పోవడం మా అలవాటు. పోయిన నెల తిరిగొచ్చి, గుమ్మంలోనే కూలబడి చెప్పేశాను.

"మామా, ఇంగ నా వల్ల కాదు. వచ్చే కిరుత్తికకు నేను ట్రైన్లో పోతా."

"మరి నేను?"

"నువ్వూ రా. నేను లేడీస్ పెట్టెలో ఎక్కుతా, నువ్వు వేరే పెట్టెలో ఎక్కు."

ఆయన ముఖం వాడిపోయింది. ఇంట్లో ఆయన నోరు తెరిస్తే నాకు కుట్టుపని గుర్తొస్తుంది, లేచిపోయి మిషను తొక్కుతాను. బండి మీద ఎక్కడికి పోగలను? నెలంతా దాచుకున్న మాటలన్నీ ఆ గంటలో చెబుతాడు. ఆ గంట పోతుందని ఆయన బెంగ.

మర్నాడే మెకానిక్ సెల్వం దగ్గర బండి వెనక సీటుకు, వీపు ఆనించుకునే దిండున్న బ్యాక్ రెస్ట్ బిగించుకొచ్చాడు. పైకీ కిందికీ, ముందుకీ వెనక్కీ జరుగుతుందట. సరిచూడ్డానికి నన్ను పిలిచాడా? అబ్బే! సెల్వాన్ని ఎక్కించుకుని ఊరంతా తిప్పాడు. వీధిలో ఇంకో ముగ్గురిని తిప్పాడు. "సోఫా మాదిరి ఉందన్నా" అన్నారందరూ. అందరూ చెరోపక్క కాలేసి కూర్చునే మగవాళ్ళే!

కృత్తిక రోజు పట్టుచీర కట్టుకుని, ఎప్పటిలాగే కాళ్ళు రెండూ ఒకపక్కకు వేసి కూర్చున్నాను. ఆ దిండు నా వీపుకు తగిలితే ఒట్టు.

"ఎట్లుంది?" అన్నాడు మురిసిపోతూ.

"ఎవురో మోచేత్తో డొక్కలో పొడస్తా ఉండారు."

దారిలో పాండూరులో ఆపి, స్పానర్ తీసి, దిండును రెండు వేళ్ళంత కిందికి దించాడు. తుంటిలో పొడిచింది. ఇంకొంత దూరం పోయాక పైకి లేపాడు. చంకలోకి వచ్చింది. చివరికి బాగా వెనక్కి వంచాడు. ఆనుకుందామని ఒరిగితే అందక, కింద పడబోయి ఆయన కాలరు పట్టుకున్నాను.

"ఓర్నాయనో! ఆపు బండి!"

కనకమ్మసత్రంలో ఒక టీ అంగడి ముందు దిగాను. ఒళ్ళు మండిపోయింది.

"ఇప్పుడు నువ్వు కూర్చో ఆడ, నా మాదిరి!"

దిండును ముందుకు జరిపి, స్టాండు వేసిన బండి మీద, పంచె సర్దుకుని, కాళ్ళు రెండూ ఒకపక్కకు వేసి కూర్చున్నాడు. వెంటనే "అబ్బా!" అని డొక్క పట్టుకున్నాడు. టీ తాగేవాళ్ళు గ్లాసులు దించి నవ్వారు.

"అయ్యో కాంచనా, ఇది పక్కన కదా తగలతా ఉంది!"

"ఇప్పుడా తెలిసింది? ఊర్లో వాళ్ళ వీపులన్నీ చూసినావే, నా వీపు యాడుందో చూసినావా?"

తల దించుకున్నాడు. "దీన్ని పెరికేస్తా. నువ్వు బస్సులో పో. నేను బస్సు ఎనకనే వస్తా" అన్నాడు చిన్నగా.

ఆ మాటకు నా కోపం సగం దిగిపోయింది. కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, చెరోపక్క కాలేసి ఎక్కేశాను. యాభై రెండేళ్ళకు మొదటిసారి. చూసేవాళ్ళు చూడనీ, వాళ్ళా నా నడుముకు మందు రాసేది?

దిండు వీపుకు సరిగ్గా ఆనింది. అబ్బ, ఏం హాయి! ఆయన హుషారుగా మొదలుపెట్టాడు.

"నీకొకటి చెప్పల్ల కాంచనా, నెలగా అనుకుంటా ఉండా..."

ఆ తర్వాత నాకు తెలిసింది, తిరుత్తణి కొండ కింద బండి ఆగడమే.

"ఏమంటావ్ మరి?" అని వెనక్కి తిరిగాడు.

"దేనికి?" అన్నాను కళ్ళు నులుముకుంటూ.

ఆయన నన్ను చూశాడు, దిండును చూశాడు.

"నిద్రపోతివా? అంత దూరం నేను ఎవురితో మాట్లాడినాను? దీనికంటే నువ్వు ట్రైన్లో పోవడమే మేలు!"

పాపం, నాకు జాలేసింది.

"ట్రైన్‌కు పోను మామా. బండి ఈడనే పెట్టు, మెట్లెక్కి పోదాం. మొదట్నుంచి చెప్పు."

మూడువందల అరవై అయిదు మెట్లు. నూరో మెట్టుకే నా నడుము పీకడం మొదలైంది. ఆయన మాట మాత్రం ఇంకా తిరువళ్ళూరు దాటలేదు. ఊఁ కొడుతూ ఎక్కాను.