ఇంజనీరు అన్న ఇంగ్లీషు మాట

ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఓబులమ్మ వేళ్ల సందుల్లో నెత్తురు చిమ్ముతోంది. గని నోటి దగ్గర ఆడవాళ్లు ఆస్బెస్టాస్ రాయి పగలగొట్టి నార వేరుచేస్తారు. కూలి పది అణాలు. లోపలికి దిగే మగవాళ్లకు రూపాయి పావలా. ఆమె మొగుడు చిన్న ఈరన్న ఎనిమిదేళ్లుగా ఆ రాతినార గనిలోకి దిగుతున్నాడు.

కర్నూలు రాజధాని అయిన మరుసటేడు అది. ఆ ఉదయం అక్కడినుంచి జీపులో ఒక ఇంజనీరు వచ్చాడు. లోపలికి దిగి, టార్చిలైటు వేసి పైకప్పు చూసి, గబగబా పైకొచ్చాడు. మేస్త్రీ దేవేంద్రప్పతో ఇంగ్లీషులో రెండు మాటలన్నాడు. మళ్లీ అవే మాటలు, ఈసారి గట్టిగా. పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్లిపోయాడు.

"ఏమన్నాడప్పా దొర?" అని అడిగింది ఓబులమ్మ.

"గని శానా బాగుండాదన్నాడు. నీ పని సూడు."

కాని రోజూ గని నోటి నీడలోనే కూర్చునే దేవేంద్రప్ప, తన స్టూలు ఎత్తుకుపోయి యాభై గజాల అవతల ఎండలో వేసుకున్నాడు. అది చూసి ఓబులమ్మ, దొర అన్న ఇంగ్లీషు మాటలను నోట్లోనే మరోసారి అనుకుంది.

సంగటి వేళకు గంట కొట్టగానే మగవాళ్లు పైకొచ్చారు. ఆమె తిండి మాట వదిలేసి ఊళ్లోని మిషను బడికి పరుగెత్తింది. మరిచిపోతానేమోనని దారి పొడుగునా ఆ మాటలే గొణుక్కుంది.

బడిలో కృపమణి టీచరు ఎక్కాలు చెబుతోంది.

"టీచరమ్మా, పేటలు డిపెట్టు అంటే ఏమమ్మా?"

కృపమణి రెండుసార్లు చెప్పించుకుంది. "ఫేటల్ డిఫెక్టా? ఎవురన్నారు? దేన్ని సూసి?"

"ఇంజనీరు దొర. గని పైకప్పు సూసి."

కృపమణి గడప దాటి బయటికొచ్చి, పిల్లలకు వినపడకుండా గొంతు తగ్గించింది. "డిఫెక్టంటే లోపం. ఫేటలంటే పానం తీసేది. ఇంగ బాగుచేసేకి కాదని, ఓబులమ్మా."

"కప్పు కింది కొయ్యలు మారిస్తే నిలబడదా?"

"నిలబడేదైతే ఆ మాట అనరు. ఈరన్న యాడుండాడు?"

ఓబులమ్మ అప్పటికే పరుగులో ఉంది. కొండ సగం ఎక్కేసరికి పనిగంట మోగింది. ఆమె చేరేటప్పటికి ముగ్గురు దిగిపోయారు. ఈరన్న నిచ్చెన మీద కాలు పెడుతున్నాడు. వెనకనుంచి అతని చొక్కా పట్టి లాగింది. చొక్కా చిరిగింది.

"దిగొద్దు! పైకప్పు కూలిపోతాదంట. బాగుచేసేకి కాదంట!"

"దిగకుంటే రేపట్నుంచి పనుండదే," అన్నాడు ఈరన్న.

దేవేంద్రప్ప స్టూలు మీదనుంచే అరిచాడు: "ఆడదాని మాటలు ఇంటారేమప్పా? దిగండి!"

ఓబులమ్మ నిచ్చెన కొనను రెండు చేతులా చుట్టుకుని నేలమీద కూలబడింది. "దిగేటోళ్లు నన్ను తొక్కి దిగండి. లేదంటే మేస్త్రీని ముందు దిగమనండి."

అందరూ దేవేంద్రప్ప వైపు తిరిగారు. అతడు లేవలేదు.

ఈరన్న నిచ్చెన మీదనుంచి కాలు తీశాడు. బోర్లా పడుకుని చీకట్లోకి తల వంచాడు. "పైకి రాండప్పా! బిరీన రాండి!"

కింద మూడు సుత్తెల చప్పుడు. ఒకటి ఆగింది. తక్కిన రెండూ కొడుతూనే ఉన్నాయి.