ముసలావిడ పాట

అల్లుడు ఆ రికార్డు ప్లేయరును దుప్పట్లో చుట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని వచ్చాడు. వడ్రంగి అప్పుడు ఒక బల్లకు కాళ్లు బిగిస్తున్నాడు. తలెత్తి "రా బాబూ" అని, మళ్లీ తల దించుకున్నాడు.

"ఏవండీ, అబ్బాయి వచ్చి నిలబడితే ఆ కాళ్లు తర్వాత బిగించుకోకూడదూ? బల్ల ఎక్కడికీ పారిపోదు, దాని కాళ్లు ఇంకా మీ చేతిలోనే ఉన్నాయి" అంది లోపల్నించి భార్య.

అల్లుడు నవ్వాడు. వడ్రంగి కూడా నవ్వాలని తెలుసుకుని నవ్వాడు. ఈమధ్య ఆయనకు అన్నీ అలా తెలుసుకుని చెయ్యాల్సి వస్తోంది. పన్ను పీకించుకున్నాక దవడ ఎలా మొద్దుబారుతుందో మనిషంతా అలా మొద్దుబారిపోయాడు.

కూతురు పోయి ఏడాది దాటింది. జ్వరమని ఆసుపత్రికి వెళ్లిన పిల్ల తిరిగి రాలేదు. ఆ రోజు తల్లి గోడకు తల బాదుకుంది. అల్లుడు ఆసుపత్రి మెట్ల మీద కూలబడ్డాడు. వడ్రంగి మాత్రం ఎవరెవరికి కబురు పంపాలో చూసుకున్నాడు, వచ్చినవాళ్లకు కుర్చీలు వేశాడు. ఒక్క కన్నీటి చుక్క రాలేదు. గుండె నిబ్బరం గలవాడని చుట్టాలు మెచ్చుకున్నారు. ఆయన మటుకు రోజూ పొద్దున్నే దేవుడి ముందు కూర్చుని, అలవాటైన మాటలే చెప్పుకుంటూ మధ్యలో ఆగేవాడు. స్వామీ, నువ్విచ్చినదాన్ని నువ్వు తీసుకున్నావు, సరే. దాంతోపాటు నా ఏడుపు కూడా ఎందుకు పట్టుకుపోయావు? అదేం చేసుకుంటావు నువ్వు? ఆ తర్వాత మిగిలిన ప్రార్థన పూర్తిచేసి పనిలోకి లేచేవాడు.

ఈ మధ్యనే అల్లుడు మళ్లీ పెళ్లి మాట ఎత్తాడు. తన ఆఫీసులోనే పనిచేసే అమ్మాయి. అత్తగారు ముందు ఏడ్చింది, తర్వాత కళ్లు తుడుచుకుని, "చిన్నవాడివి, ఒంటరిగా ఎన్నాళ్లని ఉంటావు, చేసుకో నాయనా" అంది. మామగారు ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. లేచి వెళ్లి ఉలికి పదును పెట్టుకున్నాడు. మావయ్య నోటితో చెప్పందే తేదీ పెట్టుకోనని అల్లుడు అక్కడే ఆగిపోయాడు. వడ్రంగికి కోపమేమీ లేదు. చెప్పడానికి లోపల ఏమీ దొరకలేదు, అంతే. లోపల ఏమీ లేకుండా పైకి మంచిమాట అంటే, నాసిరకం చెక్కకు రంగేసి టేకని అమ్మినట్టు ఉంటుందని ఆయనకు అనిపించింది.

అల్లుడు దుప్పటి విప్పాడు. పెళ్లికి ముందెప్పుడో కూతురు పాతసామాన్ల కొట్టులో కొన్న యంత్రం అది. ఎవరో వేరే దేశం నుంచి తెచ్చుకుని వదిలించుకున్నదట. యంత్రం కూర్చునే అడుగుపెట్టె తడికి నాని, ఉబ్బి, మూలల దగ్గర రొట్టెలా పొరలు పొరలుగా విడిపోయింది.

"తిరగట్లేదు మావయ్యా. స్విచ్చి వేస్తే గుయ్యిమని ఊరుకుంటోంది. పారెయ్యడానికి మనసొప్పలేదు."

"ముసలావిడ పాట దీని మీదేగా వినేది!" అంటూ అత్తగారు కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

యంత్రంతోపాటు కూతురికి కొన్ని రికార్డులు వచ్చాయి, అట్టలు పోయి ఉత్త కాగితం సంచుల్లో. వాటిలో ఒకదాని మీద ఒక ఆడమనిషి బరువైన గొంతుతో, చాలా నిదానంగా, పడవ దాటిపోయిందని పాడుతుంది. రికార్డు మధ్య రాత కూడా చెరిగిపోవడంతో పాడినామె ఎవరో ఎవరికీ తెలియదు. ఆ గొంతు విని ఇంట్లో అందరూ 'ముసలావిడ' అని పేరు పెట్టేశారు. కూతురు ఆ పాట నేర్చుకుని, గొంతు లావు చేసుకుని, అంతే నిదానంగా పాడేది. "ఇంత తొందరపడని మనిషిని నేనెక్కడా చూళ్లేదు నాన్నా. పడవ పోయినా ఆవిడకు కంగారు లేదు" అనేది.

"ఇక్కడ పెట్టు, చూస్తా" అన్నాడు వడ్రంగి.

మర్నాడు మరలు ఊడదీసి యంత్రాన్ని బోర్లించాడు. అడుగుపెట్టె ఉబ్బిపోయి మోటారును నొక్కేస్తోంది. ఆ గుయ్యిమనే చప్పుడు సగం అందువల్లే. మిగతా సగం ఆయనకు తెలిసిన విద్య కాదు. యంత్రాన్ని రేడియోలు బాగుచేసే స్నేహితుడికి అప్పగించాడు. ఎప్పుడు వెళ్లినా ఆ కొట్లో ఏదో ఒక రేడియో గరగరమంటూనే ఉంటుంది. ఆయన గొంతూ అంతే. అందుకని వీధంతా ఆయన్ని గరగర అనే పిలుస్తుంది.

అడుగుపెట్టె పని వడ్రంగి తానే పెట్టుకున్నాడు. యంత్రం అడుగుభాగాన్ని అట్టముక్క మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీశాడు. మోటారు ఎంత కిందికి వేలాడుతుందో పుల్లతో కొలిచి, దాని చుట్టూ వేలు దూరేంత ఖాళీ వదిలాడు. పాత పెట్టె చేసిన తప్పు తను చెయ్యకూడదు. బరువుగా ఉంటే అదరదని గరగర చెప్పాడు గనక, పలకలను ఒకదాని మీద ఒకటి, చెక్క రేఖలు అడ్డం నిలువు వచ్చేలా జిగురుతో అతికించి, క్లాంపులు బిగించి ఆరబెట్టాడు. ఆరాక మధ్యలో చోటు తొలిచాడు. అంచులకు నల్లటి గట్టి చెక్క వేసి, చిత్రిక పట్టి, ఉప్పుకాగితంతో రుద్దాడు.

భార్య గుమ్మంలో నిలబడి చూసేది. "దాని మీద చూపించే శ్రద్ధలో చిటికెడు నా కూర మీద చూపించండి. ఉప్పు వెయ్యలేదని రెండు పూటలు తిన్నాక కూడా మీకు తెలియలేదు."

"వెయ్యలేదా?"

"లేదు. అలిగి వెయ్యలేదు."

ఆయన మళ్లీ రుద్దుకున్నాడు. చెక్క చేతికి నున్నగా తగులుతోంది. ఆ నునుపు వేలికొసల దాకా వస్తోంది, అక్కణ్ణించి పైకి రావట్లేదు.

ఆదివారం పొద్దున గరగర యంత్రం తెచ్చాడు. అల్లుడూ వచ్చాడు. వడ్రంగి కొత్త అడుగుపెట్టె ఏ పక్కకూ వాలలేదని రసమట్టం పెట్టి చూసి, యంత్రాన్ని దింపి, నాలుగు మూలలా రబ్బరు బిళ్లల మీద కూర్చోబెట్టాడు. ఎక్కడా తగల్లేదు, ఎక్కడా ఊగలేదు.

"అన్నా, పెట్టె చేశావా, సింహాసనం చేశావా? నాకు కూడా ఇలాంటిదొకటి చేసిపెట్టు, ఎక్కి కూర్చుని మా ఆవిడకు హుకుములు ఇస్తా" అన్నాడు గరగర.

"ముందు ఆవిణ్ణి అడిగి ఎక్కండి అన్నయ్యగారూ" అంది భార్య.

స్విచ్చి వేశారు. పళ్లెం చప్పుడు లేకుండా తిరిగింది. అల్లుడు రికార్డు పెట్టి సూదిని మెల్లగా దింపాడు.

ఒక పడుచుపిల్ల పాడటం మొదలుపెట్టింది.

సన్నని, చలాకీ గొంతు. పడవ దాటిపోయిందని పాడుతోంది, కానీ నవ్వాపుకుంటూ, పడవ వెనక ఒడ్డున పరుగెడుతున్నట్టు పాడుతోంది. అత్తగారు నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఇదెవరు? రికార్డు మార్చావా నాయనా?"

"అదే అత్తయ్యా. అదే రికార్డు."

అప్పుడు గరగర గొంతు సవరించుకుని చెప్పాడు. ఆ యంత్రం పుట్టిన దేశంలో కరెంటు నడక, అదే ఫ్రీక్వెన్సీ, వేరు, ఇక్కడి కరెంటు నడక వేరు. ఇక్కడ దాని మోటారు నిదానంగా తిరుగుతుంది. అమ్మాయి ట్రాన్స్‌ఫార్మరు పెట్టుకుంది గానీ, అది కరెంటు జోరును తగ్గిస్తుందే తప్ప నడకను మార్చదు. మోటారు ఇరుసుకు వేలికొసంత ఇత్తడి కప్పీ ఉంటుంది, పళ్లేన్ని తిప్పేది అదే. దాన్ని కాస్త లావుగా చేయించి వేస్తే పళ్లెం సరైన వేగంతో తిరుగుతుంది. పళ్లెం మీద కాగితం ముక్క అంటించి నిమిషానికి ఎన్ని చుట్లో లెక్కపెడితే తేడా తెలిసిందట. లేతు మీద కొత్త కప్పీ చేయించి వేసేశాడు.

"ఇన్నాళ్లూ మీరు విన్నది సాగిపోయిన పాట. ఆవిడ ముసలిదీ కాదు, పాడూ కాదు. బాగుచేశానని సంబరంగా వచ్చానమ్మా. మిమ్మల్ని అడగాలని తోచలేదు" అంటూ గరగర జేబులోంచి పాత కప్పీ తీసి, తప్పు చేసినవాడిలా వడ్రంగి చేతిలో పెట్టాడు.

పాట అయిపోయింది. అల్లుడు సూది ఎత్తాడు.

"మావయ్యా, పాతదే వేయించండి. ఇది... ఇది తను పాడిన పాట కాదు."

"అవునండీ, పాతదే వేయించండి. నా బిడ్డ పాడినట్టు లేదు" అంటూ భార్య ఏడుస్తూ లోపలికి వెళ్లిపోయింది.

వడ్రంగి అరచేతిలో ఇత్తడి ముక్క చూసుకున్నాడు. ఇప్పుడైనా లోపల ఏదైనా కదులుతుందేమోనని కాసేపు ఎదురుచూశాడు. ఏమీ కదల్లేదు. ఒక ఆలోచన మాత్రం, కొలత చూసుకుంటున్నప్పుడు వచ్చేలాంటి ఆలోచన, వచ్చింది. ఈ యంత్రం వెళ్లేది అల్లుడి ఇంటికి. ఆ ఇంటికి రేపు ఇంకో పిల్ల వస్తుంది. ఆ పిల్ల రోజూ ఇంటి పనులు చేసుకుంటూ ఈ నిదానం పాట వినాలి, దాని మీద తనకు తెలియని, పోయిన మనిషి గొంతు వాలి ఉండగా. అది న్యాయమా? లోపల నిండుగా ఉన్నప్పుడే మంచిమాట చెప్పాలని తను ఇన్నాళ్లూ ఆగాడు. నిండకపోతే? దేవుడు నింపేదాకా ఆ కుర్రవాణ్ణి గుమ్మంలో నిలబెట్టి ఉంచడమేనా?

"కొత్తదే ఉంచు" అన్నాడు.

"మావయ్యా!"

"మన అమ్మాయి నిదానంగా పాడింది. అది మన చెవుల్లో ఉంది, దానికి యంత్రం అక్కర్లేదు. ఇంటికొచ్చే పిల్ల ఎందుకు సాగదీసిన పాట వినాలి? పాడినావిడ ఎట్లా పాడిందో అట్లాగే విననీ."

గరగర కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

"తేదీ పెట్టుకో బాబూ. మేమిద్దరం వస్తాం."

ఆ మాట తన నోట్లోంచి వచ్చినప్పుడు కూడా వడ్రంగికి ఏమీ అనిపించలేదు. చెక్కకు మేకు దిగినట్టు దిగింది, అంతే. కానీ అల్లుడు వంగి ఆయన భుజానికి తల ఆనించి ఎక్కిళ్లు పెడుతుంటే, ఆ మాట నాసిరకందేమీ కాదని, అవతలివాడి బరువు మోస్తోందని తెలిసింది. ఆయన అతని వీపు నిమిరాడు. పాత కప్పీని మేకుల డబ్బాలో వేశాడు.

యంత్రాన్ని మామా అల్లుళ్లు కలిసి బయట ఆగిన కారులోకి మోశారు. "సూది ఉన్న చెయ్యి కట్టేశావా? గతుకుల్లో ఎగిరితే విరిగిపోతుంది. మెల్లగా పోనీ" అని వడ్రంగి మళ్లీ మళ్లీ చెప్పాడు. అల్లుడు కారు తలుపు వెయ్యబోతుంటే అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"ఆ అమ్మాయి పేరేమిటి? ఇంతవరకూ నేను అడగనేలేదు."

అల్లుడు చెప్పాడు. వడ్రంగి ఆ పేరును ఒకసారి పైకి అని చూసుకున్నాడు. సరిగ్గా పలికానో లేదోనని ఇంకోసారి అన్నాడు.