రైల్లో ఆరిన ముఖాలు

బయలుదేరే రోజు పొద్దున్నే ముసురు పట్టింది. గోడకు తగిలించే నా కాగితపు గుజ్జు ముఖబొమ్మల మీద వార్నిష్ ఇంకా వేలికి అంటుకుంటూనే ఉంది. అలాగే పెట్టెలో సర్దితే ఒకదానికొకటి అతుక్కుపోతాయి. పక్క రాష్ట్రపు కళా ఉత్సవంలో నాకంటూ దొరికిన మొదటి దుకాణం అది. ఖాళీ బల్లతో ఎలా తెరవను?

"పిల్లని పట్టుకుంటావా, బొమ్మల్ని పట్టుకుంటావా? ఈసారికి మానుకోవే," అంది అత్త, నా చంకలోని పాపని చూపిస్తూ.

"రెండూ పట్టుకుంటానత్తమ్మా," అన్నాను.

రైల్లో, ఉత్సవానికి కలిసి వెళ్తున్న మా కళాకారుల జట్టు పెద్దాయన కిటికీ చువ్వ నుంచి పైబెర్తు గొలుసు దాకా తాడు కట్టాడు. విడివిడిగా పట్టుకొచ్చిన బొమ్మల్ని దానికి వేలాడదీశాను. వాటిని చూసి కేరింతలు కొడుతున్న పాపని, చెయ్యి అందకుండా ఒళ్లో అదిమి పట్టుకున్నాను.

టీసీ వచ్చి తలెత్తి చూశాడు. "వీళ్లందరికీ టికెట్లున్నాయా అమ్మా?"

"చంటిపిల్లలకి టికెట్టుండదు కదండీ. వీళ్లు నిన్నగాక మొన్న పుట్టారు."

ఆయన నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. ముసురు దాటాక కిటికీలోంచి పొడిగాలి కొట్టింది.

దిగేముందు ఒక్కోదాన్నీ వేలితో తాకి చూశాను. అన్నీ ఆరాయి, మీసాలాయన బొమ్మ ముక్కు తప్ప. ఉత్సవానికి చేరాక ఆయన్ని ఎవరికీ అందనంత ఎత్తున తగిలించి, పాపని చంకనేసుకుని దుకాణం తెరిచాను.