నీలం అంచు సాసరు

వృద్ధుల నివాసంలో మధ్యాహ్నం కాఫీకి అందరూ బల్ల చుట్టూ చేరారు. ఆల్ఫిల్డ్ మాత్రం గది దాటి రాలేదు. నడవా చివరి నుంచి కప్పుల చప్పుడు, వేడి రొట్టెల వాసన వస్తున్నాయి. ఆమె కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని గడ్డకట్టిన నదిని చూస్తూ కూర్చుంది.

పక్కన ఒక ప్లాస్టిక్ కప్పు ఉంది. దానికి మూత, మూతకు ఒక కొమ్ము. అచ్చం పసిపిల్లల ఉగ్గుగిన్నె. అందులో కాఫీకి ఏదో పొడి కలిపి గంజిలా చిక్కబరిచారు. నాలుక ఎండి అంగిట్లో అతుక్కుంటోంది. అయినా ఆమె దాన్ని ముట్టుకోలేదు.

ఆ కప్పు రావడానికి కారణం ఆమే. ఆ సంగతి ఇంకెవరికీ తెలియదు.

ఉత్తర స్వీడన్‌లోని ఆ నదీతీరంలో పాతకాలం వాళ్లు కాఫీని సాసర్లో పోసుకుంటారు. ముందరి పళ్ల మధ్య చక్కెర బిళ్ళ పట్టి, దాని మీదుగా జుర్రుకుంటారు. పట్నం వాళ్ల ముందు మాత్రం సాసరు ముట్టరు. అది మోటుతనమని ఆల్ఫిల్డ్‌కు తల్లి చిన్నప్పుడే నేర్పింది. వృద్ధుల నివాసం బాగోగులు చూడడానికి ఆమధ్య పట్నం నుంచి అధికారులు వచ్చారు. బల్ల మీద కొత్త పొడుగు మగ్గులు పెట్టారు. పక్షవాతం వచ్చి తగ్గినప్పటి నుంచి ఆల్ఫిల్డ్ గొంతు ఒకవైపు కాస్త మొద్దుబారి ఉంది. అయినా వాళ్ల ముందు పరువుగా ఉండాలని తన సాసరు పక్కకు జరిపేసింది. చక్కెర బిళ్ళ మాత్రం అలవాటు చొప్పున పంటికింద పెట్టుకుంది. మగ్గెత్తి, తల వెనక్కి వాల్చింది. సరిగ్గా అప్పుడే ఎదురుగా కూర్చున్న ముసలి ఎవాల్డ్ ఒక అధికారి టై గురించి ఏదో అన్నాడు. ఆమెకు నవ్వొచ్చింది. దాంతో పొలమారింది.

ఊపిరాడక మొహం నల్లబడింది. ఆమెను చూసుకునే సోల్‌వేగ్ పరుగున వచ్చి వీపు మీద చరిస్తే బిళ్ళ బయటపడింది. ఆ రోజు నుంచే ఈ కప్పు, మళ్లీ పొలమారకుండా ఈ చిక్కటి కాఫీ. మింగుడు పరీక్షించే మనిషి పట్నం నుంచి వచ్చేదాకా ఇలాగే ఇవ్వాలన్నారు. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. అందరూ ఆమె ప్రాణం కోసమే చేశారు. ఎంత జాగ్రత్తగా చేశారంటే, ఆమె సాసరును కూడా అలమరలో పెట్టేశారు.

సోల్‌వేగ్ వచ్చి మంచం అంచున కూర్చుంది. నిండుగా ఉన్న కప్పును చూసి నిట్టూర్చింది.

"నువ్విలా తాగకుండా ఉంటే డాక్టరు ఊరుకోడు ఆల్ఫిల్డ్. పట్నం ఆసుపత్రికి పంపి సెలైన్ పెట్టిస్తానంటున్నాడు."

ఆల్ఫిల్డ్ కిటికీ వైపు చూసింది. నివాసం నుంచి చలికాలంలో ఆసుపత్రికి వెళ్లినవాళ్లలో ఎందరు తిరిగొచ్చారో ఆమెకు తెలుసు. ఈ కిటికీ, ఈ నది, ఆ బల్ల మళ్లీ దక్కుతాయో లేదో. కప్పు తీసుకుంది. ఒక గుక్క తాగింది. దగ్గు తెర కమ్ముకొచ్చింది. సోల్‌వేగ్ కళ్లలో భయం చూసి కప్పు దించేసింది.

గుమ్మం దగ్గర కర్ర చప్పుడైంది. ఎవాల్డ్. పడుచుతనంలో నదిలో దుంగలు నడిపినవాడు. తనే నవ్వించి పొలమారేలా చేశానని అప్పటి నుంచి రోజూ ఓసారి వచ్చి తొంగిచూసి పోతున్నాడు.

"ఏమే, ఇంకా అలకేనా? నువ్వు లేక ఆ బల్ల దగ్గర నన్ను తిట్టేవాళ్లే కరువయ్యారు."

"పో, పోయి గోడతో తిట్టించుకో" అంది ఆల్ఫిల్డ్. కానీ గొంతులో బలం లేదు. అది విని ఎవాల్డ్ మొహం చిన్నబోయింది.

మర్నాడు పరీక్ష చేసే అమ్మాయి వచ్చింది. పేరు తూవా. బూట్ల మంచు దులుపుకుని ఆల్ఫిల్డ్ ఎదుట మోకాళ్ల మీద కూర్చుంది. చల్లటి వేళ్లతో గొంతు తాకి చూస్తూ కొమ్ము కప్పుతో తాగమంది. మళ్లీ దగ్గు. తూవా నుదురు ముడతలు పడింది. ఇంకా చిక్కగా ఇవ్వాలేమోనని సోల్‌వేగ్‌తో మెల్లగా అంది. తర్వాత ఆల్ఫిల్డ్ వైపు తిరిగింది.

"ఇంతకుముందు మీరు ఎలా తాగేవారు?"

ఆల్ఫిల్డ్ చెవులు ఎర్రబడ్డాయి. ఈ పిల్ల పట్నం పిల్ల. తల్లి మాట చెవిలో వినిపిస్తున్నట్టే ఉంది. గుమ్మంలో ఎవాల్డ్ గొంతు సవరించుకున్నాడు. ఆమెనే చూస్తున్నాడు. కిటికీ బయట నది తెల్లగా మెరుస్తోంది. దీన్ని వదిలి పోవడం కంటే మోటు అనిపించుకోవడం నయమనిపించింది.

"నా సాసరు తెచ్చిపెట్టు సోల్‌వేగ్" అంది. "నీలం అంచుది."

పొడి కలపని కాఫీ తెచ్చారు. ఆల్ఫిల్డ్ దాన్ని సాసర్లో కొంచెం వొంపింది. మోచేతులు రెండూ కిటికీ పక్కనున్న చిన్న బల్ల మీద ఆనించి, తల దించి, సాసరు అంచుకు పెదవులు ఆనించింది. సర్రున ఒక జుర్రు. మింగింది. ఇంకో జుర్రు. దగ్గు రాలేదు.

తూవా ఆమె గొంతు మీంచి వేళ్లు తీయలేదు. మాట్లాడించి చూసింది. గొంతులో కాఫీ నిలిచిన గురగుర ఏమీ వినిపించలేదు. మళ్లీ తాగించి, మళ్లీ మాట్లాడించింది. చివరికి నవ్వింది.

"గడ్డం దించి, కొంచెం కొంచెంగా తాగమని మేం అందరికీ నేర్పుతాం. మీకు ఎప్పుడో వచ్చేసింది. ఈ కొమ్ము కప్పుతో తల వెనక్కి వాలిపోతోంది. అదీ చిక్కు."

సాసరుతోనే ఇవ్వమని, ఎవరైనా పక్కన ఉండాలని, తాను మళ్లీ వచ్చి చూస్తానని తూవా సోల్‌వేగ్‌కు చెప్పింది. చక్కెర బిళ్ళ మాత్రం వద్దంది. ఆల్ఫిల్డ్ గట్టిగానే బేరమాడింది. బిళ్ళ లేనిది కాఫీయే కాదంది. తూవా దిగిరాలేదు. కావాలంటే కాఫీలో కరిగించుకోమంది.

ఆ మధ్యాహ్నం ఆల్ఫిల్డ్ అందరి బల్ల దగ్గర తన పాత కుర్చీలోకి వచ్చి కూర్చుంది. సోల్‌వేగ్ పక్కనే కూర్చుంది. తూవా కూడా బస్సు వచ్చేదాకా ఉంది. పట్నం మనిషి ఉందని బల్ల చుట్టూ ఎవరూ సాసర్లు ముట్టుకోలేదు. ఆల్ఫిల్డ్ అందరినీ ఒకసారి చూసి, నిదానంగా కాఫీ వొంపుకుని జుర్రింది. ఎవాల్డ్ కూడా వొంపుకున్నాడు. కాసేపటికి ఆ చివర ఇంకొకరు.

ఆల్ఫిల్డ్ తన చక్కెర బిళ్ళ తీసి ఎవాల్డ్ సాసరు పక్కన పెట్టింది.

"ఇకమీదట నా వంతు కూడా నువ్వే కొరుకు. నీకున్న ఆ రెండు పళ్లకీ పని ఉంటుంది."

ఎవాల్డ్ నోరు తెరిచి ఏదో అనబోయాడు. ఆమె సాసరు నోటి దగ్గరే ఉండడం చూసి, ఆమె మింగేదాకా ఆగాడు.