గెడ్డ అవతలికి తిరిగిన గొట్టం

నేను ఒక మైకు గొట్టాన్ని. ఒళ్లు అల్యూమినియం, నోరు బిందెకన్నా వెడల్పు. ప్రస్తుతం నా మకాం పలాసలో ఒక పాతసామాన్ల కొట్టు. పక్కనున్న కుట్టుమిషను, విరిగిన ఫ్యాను తమ గొప్పలు చెప్పుకుంటుంటాయి. నేను మాత్రం లాభనష్టాలు చూసుకుంటాను. అది నా మొదటి యజమాని అప్పలకొండ దగ్గర అబ్బిన గుణం.

అప్పలకొండకు సౌండ్ సర్వీసు ఉండేది. పొద్దున పెళ్లిలో సన్నాయి, మధ్యాహ్నం ఒక పార్టీ, సాయంత్రం దాన్ని తిట్టే ఇంకో పార్టీ, అన్నీ నా నోటి నుంచే. ఎవరి సరుకైనా ఒకే గొంతుతో అమ్మేవాణ్ణి. వినేవాళ్లు నమ్మారా లేదా అన్న చింత నాకుండేది కాదు. మాట గిరాకీ అంతా నమ్మకం మీద నడుస్తుందని చాలా ఆలస్యంగా, గవ్వలపేటలో తెలిసింది.

గవ్వలపేట సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ల ఊరు. ఒక సంస్థవాళ్లు అక్కడ సమాచార కేంద్రం అని ఒక గది తెరిచి, కంప్యూటరు పెట్టి, నన్ను కొని పైకప్పు మీద బిగించారు. ఉపగ్రహం చూసి చెప్పే కబుర్లు రోజూ కంప్యూటర్లోకి వచ్చేవి. చేపలు ఏ వైపున్నాయి, అల ఎంతెత్తు, గాలి ఎలా ఉంటుంది. వాటిని చదివి వినిపించే పని ఆ ఊరి కోడలు, పది చదివిన ఎర్నమ్మది.

ఇక్కడే ఒక చిక్కుంది. ఊరి పక్కనే సముద్రంలో కలిసే వాగు, గెడ్డ. దానికి అవతల ఉప్పరేవు. రెండు ఊళ్లకూ ఒకే సముద్రం, ఒకే చేపలు, అందుకే పడదు. ఎర్నమ్మ పుట్టిల్లు ఆ ఉప్పరేవే. గవ్వలపేట పెద్ద సూరాడ దాసులు ఆమెకు అత్తింటి వైపు పెదమామ వరస. గొట్టం మన వీధివైపే ఉండాలి, అటు తిరిగిన రోజున నువ్వు మైకు ముట్టుకోనక్కర్లేదు అని ముందే షరతు పెట్టాడు. ఆమె ఒప్పుకుంది. ఆకాశం నుంచి ఉచితంగా వచ్చిన కబురును గెడ్డ దాటకుండా కాపలా కాయడం నాకు నవ్వు తెప్పించింది. కానీ వ్యాపారంలో గుట్టు మామూలే గదా అని ఊరుకున్నాను.

గుట్టు బాగానే గిట్టింది. మా తెప్పలు నిండా కానాగంత చేపలతో వచ్చేవి. ఉప్పరేవువాళ్లు, వీళ్లకేదో దేవత పూనింది అనుకుని, తమనూ కరుణించాలని రెండు కోళ్లు కోశారు.

ఒకరోజు పొద్దున్నే కంప్యూటరు మధ్యాహ్నానికి పెనుగాలి అని చూపించింది. ఎర్నమ్మ చదవగానే మావాళ్లు తెప్పలను ఇసుక దిబ్బ మీదికి లాగేశారు. సముద్రం మాత్రం పళ్లెంలో నీళ్లలా ఉంది. అవతల ఉప్పరేవువాళ్లు తెప్పలు దించుతున్నారు. అందులో ఎర్నమ్మ తమ్ముడు కూర్మయ్య కూడా ఉన్నాడు. రాత్రి వానకు గెడ్డ పొంగింది, దాటలేరు. రోడ్డు చుట్టూ తిరిగి వెళ్లేసరికి తెప్పలు కనుచూపు దాటిపోతాయి. అప్పట్లో ఆ ఒడ్డున సెల్లు సిగ్నలు లేదు.

ఎర్నమ్మ నిచ్చెనేసుకుని పైకొచ్చింది. ఉప్పుగాలికి నా మర బిగుసుకుపోయింది. రాయితో కొట్టి కొట్టి తిప్పుతుంటే దాసులు వచ్చి నిచ్చెన కింద నిలబడ్డాడు.

"దిగిపో పిల్లా."

"దిగతాను మావా. ముందు దీన్ని తిప్పనీ."

తిప్పింది. దిగొచ్చి, పెద్ద గాలి వస్తోంది, పోవద్దు అని మైకులో చెప్పింది. అవతల నవ్వులు. ఒకడు తువ్వాలు విప్పి ఊపాడు. మనల్ని ఒడ్డున కూకోబెట్టి సేపలన్నీ ఆళ్లే దోచుకుంటారంట అనుకున్నారని కూర్మయ్య తర్వాత చెప్పాడు. పైగా మరింత తొందరగా నెట్టడం మొదలుపెట్టారు. జీవితమంతా అబద్ధాలు అమ్మిన నేను, మొదటిసారి నిజం పలికితే కొనేవాడు లేడు.

ఎర్నమ్మ గుమ్మం బయటున్న దాసులు మొహం చూసింది. మళ్లీ మైకు అందుకుంది.

"తమ్ముడా, మొన్న మాకు కానాగంతలు ఎక్కడున్నాయో ఈ కంప్యూటరు పెట్టే సెప్పింది. మీకినబడకుండా గొట్టం ఇటు తిప్పుకున్నాం. అదే పెట్టె ఇప్పుడు గాలంటంది."

తెప్పల దగ్గర చేతులు ఆగాయి. వెళ్లాలా, ఆగాలా తేలలేదు. ఎంతైనా ఆమె ఇప్పుడు గవ్వలపేట కోడలు. ముందున్న తెప్ప మూతి అప్పటికే నీళ్లలో ఉంది.

దాసులు గదిలోకొచ్చాడు. తీగ పీకేస్తాడనుకున్నాను. ఆమె చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

"నాను దాసుల్ని. కోడలు పిల్ల సెప్పింది నిజం. మేం దాసేం. తిట్టాలనుంటే రేపొచ్చి తిట్టండి. ఇయ్యాల తెప్పలు మీదకెక్కించండి."

ఉప్పరేవువాళ్లు ఎరిగినంతలో దాసులు తప్పు ఒప్పుకోవడం అదే మొదలు. అంత వింత జరిగిందంటే గాలి కూడా నిజమే అయ్యుండాలని తేల్చుకుని తెప్పలు పైకి లాగారు. మధ్యాహ్నం గాలి వచ్చింది. దిబ్బ సగం లేచిపోయింది, నా బిగింపు ఊడి నేను వీధిలో పడ్డాను. సొట్ట ఇప్పటికీ ఉంది. కొట్టువాడు దాన్ని తరుగు కింద వేశాడు, నేను వేయలేదు.

మర్నాడు రోడ్డు చుట్టూ నడిచి ఉప్పరేవు మొత్తం తిట్టడానికి వచ్చింది. దాసులు అరుగు మీద కూర్చుని వినసాగాడు. కూర్మయ్య గొంతు అందరికన్నా పెద్దది. కోళ్ల సంగతి కూడా తీశారు. ఎర్నమ్మ టీ పోస్తుంటే, దాసులు ఆమెను మెల్లగా అడిగాడు.

"అందరూ వచ్చీసేరా పిల్లా? ఇంకెవులైనా రావాలా?"

ఆమె నిన్న తెప్పలు దించబోయినవాళ్లను గుంపులో ఒక్కొక్కరినీ చూసుకుంది.

"అందరూ వచ్చీసేరు మావా."

"అయితే తిట్టనీ," అని ఆయన టీ గ్లాసు అందుకున్నాడు.