ఆరో గుడ్డ

వరద నీళ్లు గుమ్మం మూడో మెట్టు దాకా వచ్చిన ఏడాది అది. నీరు తీశాక ఇల్లు ఆరింది. వాకిట్లో నిలిపిన పెద్ద బండి మాత్రం ఇంజన్ నిండా బురద తాగి మొండికేసింది. పద్దెనిమిదేళ్ల బండి. మెకానిక్ దగ్గరికి లాగించడానికి ఆయన ఒప్పుకోలేదు.

"నా బండి మీద ఇంకొకడి చెయ్యి పడకూడదు. మూడు రోజుల పని. నువ్వు పక్కనుంటే చాలు" అన్నాడు భార్యతో.

పక్కనుండటమంటే ఏమిటో ఆమెకు మొదటి పూటే తెలిసింది. ఆయన తల బానెట్ కిందికి దూర్చి చెయ్యి వెనక్కి చాపుతాడు. "పన్నెండు" అంటాడు. పన్నెండో నంబరు పానా ఆ చేతిలో పడాలి. ఎవరు పెట్టారో తిరిగి చూడడు. విప్పిన ప్రతి ముక్కనీ ఆమె కిరసనాయిల్లో కడిగింది, ఏ బోల్టు ఎక్కడిదో మరిచిపోకుండా అట్టముక్క మీద వరసగా గుచ్చింది. మధ్యలో లేచి వంట చేసింది. "నీ చేతి కంపుకి ముద్ద దిగట్లేదే" అని అత్త కంచం పక్కకు నెట్టింది. మూడు రోజులు తొమ్మిదయ్యాయి. గోళ్ల చుట్టూ చర్మం పగిలింది.

ఆమె బట్టలు కుట్టే కార్ఖానాలో పనిచేస్తుంది. కిటికీ పక్క మిషను పదకొండేళ్లుగా ఆమెది. తొమ్మిదో రోజు పొద్దున సూపర్‌వైజర్ ఫోన్ చేసింది. "రేపు రాకపోతే ఆ మిషను ఇంకొకరికి ఇచ్చేస్తానమ్మా. నేను మాత్రం ఎన్నాళ్లని ఆపను?" ఆ మాట చెబితే ఆయన నవ్వాడు. "గుడ్డలు కుట్టే పని ఎక్కడికి పోతుందే? ఇది ఇంజను."

ఆ మధ్యాహ్నమే ఇంజన్ పైభాగాన్ని, ఆ బరువైన హెడ్డుని, తిరిగి ఎక్కించాడు. బోల్టులు జారి లోపల పడకుండా ఇంజన్ గుంతల్లో కూరడానికి ఆమె తన పాత నీలిపూల నైటీని ఆరు ముక్కలు చేసి ఇచ్చింది. ఆయన ఒక్కొక్కటే పీకి వెనక్కి విసిరాడు. ఆమె ఏరింది. ఐదే. బల్ల కింద చూసింది, బకెట్లో చూసింది, కొంగు దులుపుకుంది. ఐదే.

"ఏవండీ, ఒక గుడ్డ తక్కువుంది."

చెయ్యి వెనక్కి వచ్చింది. "పన్నెండు."

"ఇంకా పైమూత పెట్టలేదు కదా. చెయిను దిగేచోట ఒక్కసారి లైటు వేసి చూడండి."

గోడ మీద కూర్చుని పల్లీలు నములుతున్న మరిది పకపకా నవ్వాడు. "వదినా, ఇదేమన్నా నీ బట్టల కార్ఖానా అనుకున్నావా? జేబు గుడ్డ తక్కువైందా ఏంటి!"

ఆయనకూ నవ్వొచ్చింది. "నోరు మూసుకుని లైటు పట్టుకో."

ఆమె లైటు పట్టుకుంది. కార్ఖానాలో సూది విరిగితే, దాని ముక్కలన్నీ దొరికి కాగితం మీద అంటించేదాకా మిషను తిప్పనివ్వరు. చిన్న మొన కనిపించకపోయినా సరే, ఆమె "సూది" అని మెల్లగా అంటే చాలు, ఆ వరసలో ఉన్న మిషన్లన్నీ ఆగిపోతాయి. ఎవరూ నవ్వరు. నిన్నగాక మొన్న చేరిన పిల్ల అన్నా అంతే. ఇక్కడ పెళ్లయి పందొమ్మిదేళ్లు. కూరలో ఉప్పెక్కువైందని అత్త అంటే ఇల్లంతా ఆగి వింటుంది. పైకప్పు కారుతోందని తను అంటే, నీళ్లు పక్కమీద పడేదాకా ఎవరి చెవికీ ఎక్కదు. తను పలికే భాష వేరా? లేక ఈ ఇంట్లో తన గొంతుకు పానా చప్పుడు పాటి విలువ కూడా లేదా?

మూత బిగించాడు. తాళం తిప్పాడు. ఇంజన్ అందుకుంది. మరిది చప్పట్లు కొట్టాడు. అంతలోనే లోపల ఎముక విరిగినట్టు టక్కుమంది. ఆగిపోయింది. మళ్లీ తాళం తిప్పితే కదల్లేదు.

మూత విప్పి చూస్తే, చెయిను చక్రానికి చుట్టుకుని నీలిపూలు. చెయిను పళ్లు తప్పింది. వాల్వులు వంగిపోయాయి. తొమ్మిది రోజుల పని పోయింది.

మరిది గోడ దిగి చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆయన చాలాసేపు ఆ గుడ్డనే చూశాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు. ఈ తొమ్మిది రోజుల్లో ఆమె ముఖం చూడటం అదే మొదలు.

"గుడ్డలిచ్చింది నువ్వు. లెక్క చూసుకోవాల్సింది నువ్వు. గట్టిగా చెప్పి చావొచ్చు కదా!"

ఆమె లైటు ఆర్పి బల్ల మీద పెట్టింది.

"రేపు మళ్లీ అంతా విప్పాలి. కార్ఖానాకి రానని చెప్పెయ్."

ఆమె లోపలికి వెళ్లింది. చేతులు సబ్బుతో మూడుసార్లు కడుక్కుంది. వాసన పోలేదు. ఆ చేతులతోనే అన్నం తింది, కంచం నెట్టకుండా.

మర్నాడు ఆమె కంటే ముందే ఆయన లేచాడు. బానెట్ ఎత్తి తల లోపలికి దూర్చాడు. ఆమె టిఫిను డబ్బా పట్టుకుని మెట్లు దిగింది. చెప్పుల చప్పుడు వినగానే, తిరిగి చూడకుండా, ఆయన చెయ్యి వెనక్కి చాపాడు.

"పన్నెండు."

పానాల పెట్టె ఆయన కాళ్ల దగ్గరే ఉంది. ఆమె గేటు తీసుకుని బయటికొచ్చి, చప్పుడు కాకుండా వేసింది. వీధి మలుపులో ఒక్కసారి వెనక్కి చూసింది.

చెయ్యి ఇంకా చాచే ఉంది.